పిలిచినవాళ్లే పంపాలి: ఒక వాంపైర్ ప్రేమ ట్రాక్ కేస్ స్టడీ

సరిదిద్దమని నా చేతికి ఇచ్చేసరికి ఆ ట్రాక్‌లో, అంటే సీరియల్‌లోని ఆ కథాభాగంలో, ప్రేమ ఉంది, వాంపైర్ ఉన్నాడు, విషాదం మాత్రం లేదు. అది డైలీ సీరియల్, కథ జరిగేది తిరుపతిలో. మాధవమాల నుంచి వచ్చి గోవిందరాజస్వామి గుడి దగ్గర కొయ్యబొమ్మల అంగడి పెట్టుకున్న కుటుంబం. ఆ ఇంటి పిల్ల వకుళ. ఆమెను ప్రేమించేవాడు దాదాపు నాలుగు వందల ఏళ్లుగా చావు లేకుండా తిరుగుతున్న సింగరాయ. ఛానల్ పేరూ సీరియల్ పేరూ ఇక్కడ అవసరం లేదు. ఇలాంటి ప్రేమను డైలీ ఫార్మాట్‌లో చివరిదాకా ఎలా నిలబెట్టామన్నదే నేను రాయదలుచుకున్నది.

అప్పటిదాకా నడిచిన వన్‌లైన్ (కథ సారాంశం) చూస్తే వాళ్లిద్దరినీ విడదీయడానికి మూడు పనిముట్లు వాడారు. ఒక మంత్రగాడు, ఒక తాయెత్తు, ఫోన్‌లో ఫొటోలు చూపించి చెడు చెప్పే మేనబావ. ప్రతి వారం విడిపోతారు, శనివారం ఎపిసోడ్‌కల్లా కలుస్తారు. క్రియేటివ్ టీమ్ లెక్క ప్రకారం లోపం జంటలో ఉంది. కెమిస్ట్రీ పండలేదు, హీరోని మార్చేద్దాం అన్నారు. నేను ఎడిట్ అయిన ఎపిసోడ్లన్నీ వరసగా చూశాను. ఆ ఇద్దరు నటులూ బాగానే ఉన్నారు. వాళ్ల మధ్య పెట్టిన అడ్డంకులే తేలిపోయేవి.

మన సీరియళ్లు ఎక్కువగా అపార్థం మీద నడుస్తాయి. ఆమె ఒకటి విన్నది, అతను ఇంకొకటి అన్నాడు, మధ్యలో ఎవరో తలుపు చాటున నిలబడ్డారు. అత్తాకోడళ్ల కథకు అది సరిపోతుంది. కానీ చూసేవాళ్లకు ఒక సంగతి తెలుసు: ఎవరో ఒకరు నోరు తెరిచి ఒక్క మాట చెబితే సమస్య తీరిపోతుంది. అందుకే వాళ్లకు కోపం వస్తుంది, టెన్షన్ వస్తుంది, ఏడుపు మాత్రం రాదు. నిజంగా గతిలేని ప్రేమ రాయాలంటే ముందు అపార్థాలన్నీ తీసేయాలి. ఇద్దరికీ అన్నీ తెలిసి ఉండాలి. ఒకరికొకరు అబద్ధం చెప్పుకోకూడదు. అయినా దారి ఉండకూడదు. ఈ ట్రాక్‌కి నేను చేసిన వైద్యం మొత్తం ఇదే, మిగతావన్నీ దీన్ని అమలు చేయడంలో వచ్చినవి.

నియమాలు ముందు

వాంపైర్ కథలో ప్రేమకంటే ముందు నియమాలు రాసుకోవాలి. నియమం లూజుగా ఉంటే విధి కూడా లూజుగానే ఉంటుంది. పాత స్క్రిప్టులో నియమాలు చాలా ఉన్నాయి. అద్దంలో కనపడడు, వెల్లుల్లి పడదు, వెండి పడదు, వెలుగు పడదు, పైగా అమావాస్యకు బలం పెరుగుతుంది. ఇన్ని ఉంటే చూసేవాళ్లకు ఒక్కటీ గుర్తుండదు. ఈ నియమాలన్నీ ఒకే చోట పుట్టినవి కూడా కావు. 1897 నాటి డ్రాకులా నవలలో ఆ పిశాచం పగటిపూట లండన్ వీధిలో తిరుగుతాడు, శక్తులు తగ్గుతాయంతే. ఎండ పొడకే నశించిపోవడం 1922లో వచ్చిన జర్మన్ మూకీ చిత్రం నోస్ఫెరాటుతో స్థిరపడింది. ఆ ఇంటివాళ్లు పిలవనిదే లోపలికి రాలేడన్నది మాత్రం ఆ నవలలోనే ఉంది. అంటే ఎవరి కథకు కావలసినవి వాళ్లు ఏరుకుంటూ వచ్చారు. మనమూ ఏరుకోవచ్చు, ఏరుకున్నాక మాట తప్పకూడదు.

మేం ఉంచినవి మూడు. గడప, వెలుగు, కొయ్య.

గడపకు పసుపు రాసి బొట్లు పెట్టే ఊళ్లో, పిలవనిదే లోపలికి రాలేడన్న నియమాన్ని ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. దానికి ఒక షరతు కలిపాను. ఎవరు పిలుస్తారో ఆ ఇంటి రక్తం ఒక్కొక్కరిలో క్షీణిస్తుంది, పెద్దవాళ్లతో మొదలై చిన్నవాళ్ల దాకా. అతను కరవకపోయినా సరే, ఊరు విడిచిపోయినా సరే. పిలుపును వెనక్కి తీసుకోవడం కుదరదు. పిలిచిన మనిషి తన చేతులతో పంపిస్తే, అంటే చంపితే తప్ప అది ఆగదు.

ఈ ఒక్క షరతుతో కథలోకి విలన్ అవసరం పోయింది. మంత్రగాణ్ణి తీసేశాం. మేనబావను మంచివాడిగా మార్చాం. అతను ఎర్రచందనం స్మగ్లర్లను వేటాడే ఫారెస్టు ఉద్యోగి, అతనికి రాసిన ప్రతి సీనులోనూ అతని మాటే న్యాయంగా ఉంటుంది. అతనితో పెళ్లయితే వకుళ సుఖపడుతుందని చూసేవాళ్లకూ అనిపించాలి.

వెలుగు దగ్గర ఛానల్‌తో కొంత పేచీ వచ్చింది. నైట్ కాల్షీట్లు ఖర్చు, కాబట్టి పగలు తిరగడానికి ఒక తాయెత్తు ఇద్దామన్నారు. 2009లో మొదలై ఎనిమిది సీజన్లు నడిచిన ద వాంపైర్ డైరీస్‌లో ఎండ తగలకుండా కాపాడే ఉంగరం ఉందని ఉదాహరణ చూపించారు. అది నిజమే, కానీ ఆ కథ హైస్కూల్లో మొదలవుతుంది, పగలు లేకపోతే వాళ్లకు కథే లేదు. తిరుపతికి ఆ ఇబ్బంది లేదు. ఇది రాత్రి నిద్రపోని ఊరు. అర్ధరాత్రి దాటాక కూడా బస్టాండు చుట్టూ గుండ్లు చేయించుకున్న యాత్రికులు, ఫుట్‌పాత్ మీద దుప్పట్లు కప్పుకున్న కుటుంబాలు, టీ బంకులు, జీపులవాళ్ల కేకలు. ఎక్కడినుంచి వచ్చావని కొత్త మొహాన్ని ఎవరూ అడగరు. ఒక వాంపైర్ ఎవరి కంటా పడకుండా బతకగలిగిన ఊరు రాయలసీమలో ఏదైనా ఉందంటే ఇదే. ఇక ఖర్చు సంగతి. వకుళ అతన్ని ఇంట్లోకి పిలిచిన తర్వాత సీన్లన్నీ కిటికీలు మూసిన బొమ్మల గదిలోకి వచ్చేశాయి, వాటిని పగలే తీశాం.

చంద్రగిరి ఎందుకు

సింగరాయ పాత స్క్రిప్టులో ఏదో సంస్థానపు యువరాజు. ఏ సంస్థానమో, ఎప్పుడో లేదు. వాంపైర్‌కు కచ్చితమైన కాలం లేకపోతే అతని వయసు నమ్మబుద్ధి కాదు. తిరుపతికి 15 కిలోమీటర్ల లోపే చంద్రగిరి కోట ఉంది. 1565 తళ్లికోట ఓటమి తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు, ఆ తర్వాత చంద్రగిరికి తరలారు. 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసు తీరాన కోట కట్టుకునే అనుమతి దొరికింది. 1646లో చంద్రగిరి గోల్కొండ వశమైంది. ఈ ఏడేళ్ల సందులో సింగరాయను పెట్టాను. యువరాజు కాదు, కంపెనీవాళ్లకూ దర్బారుకూ మధ్య మాటలు మార్చే ద్విభాషి. సముద్రం మీద వచ్చినవాళ్లలో ఒకడి కాటు అతనికి తగిలింది. వాంపైర్ మన నేల మీద పుట్టిన దయ్యం కాదన్న నిజం ఇందులో చెడలేదు, బయటినుంచి వచ్చిన జబ్బుగానే ఉండిపోయింది.

ఇంకో లాభం కూడా దొరికింది. అక్కడి రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కలప వాడలేదు. ఇప్పుడది పురావస్తు శాఖ మ్యూజియం. కొయ్య దిగితే చచ్చేవాడు కొయ్య లేని కట్టడాన్ని వెతుక్కుని ఉంటున్నాడు. అతను ప్రేమించింది కొయ్య చెక్కే ఇంటి పిల్లను. ఇది కాగితం మీద పెట్టిన రోజు డైరెక్టర్ ఇంకేమీ అడగలేదు.

పిలుపు సీను

పాత వెర్షన్‌లో జోరున వాన, దెబ్బ తగిలి స్పృహ తప్పిన హీరో, ఆమె అతన్ని చేతుల మీద లోపలికి లాక్కొస్తుంది. పాట వస్తుంది. అందంగానే తీశారు, కానీ అక్కడ ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోలేదు. నిర్ణయం లేని చోట విషాదం పుట్టదు. ట్రాక్ మొత్తంలో వకుళ చేసే పెద్ద పని ఇదే కాబట్టి దీన్ని పూర్తిగా తిరగరాశాను. గాయం ఉంచాను, స్పృహ ఉంచాను, వాన తీసేశాను. టైము తెల్లవారుజాము. గడప అవతల అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు, లేవలేడు. ఇవతల ఆమె.

సింగరాయ: పిలవద్దు వకుళా. పిలిచిన ఇల్లు ఏమవుతుందో చెప్పినాను కదా.

వకుళ: చెప్పినారు.

సింగరాయ: అయితే తలుపు వేసుకో.

(పక్కింట్లో సుప్రభాతం మొదలవుతుంది. వకుళ తూర్పు వైపు చూస్తుంది. లోపల అవ్వ దగ్గు.)

వకుళ: మా అవ్వ లేస్తాది. నీళ్లు చల్లేదానికి వస్తాది ఈడికి.

సింగరాయ: రానీ. బూడిదే కదా, ఊడ్చేస్తుంది.

(వకుళ మాట్లాడదు. సుప్రభాతం సాగుతూ ఉంటుంది. ఆమె గడప మీద చెయ్యి ఆనిస్తుంది. చేతికి పసుపు అంటుతుంది.)

వకుళ: లోపలికి రా.

ఇంతే. మొదటి డ్రాఫ్టులో ఆమె ప్రేమిస్తున్నానని చెప్పే నాలుగు లైన్లు ఉంటే అవి కొట్టేశాం. అవ్వకు ప్రమాదమని తెలిసీ పిలిచింది, అంతకుమించి చెప్పే మాట లేదు. డబ్బింగ్‌లో సుప్రభాతాన్ని దూరంగా, పక్కింటి టీవీలోంచి వచ్చినట్టు ఉంచమని పట్టుబట్టాను. అది బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌లా మోగితే భక్తి సీను అయిపోతుంది. ఇక్కడ అది ఊరి గడియారం. ఇంటింటా మంచి రోజు మొదలయ్యే ఆ శబ్దమే అతనికి గడువు.

ఈ సీను తర్వాత ప్రేక్షకులు అడగబోయే ప్రశ్నలన్నిటికీ కథలోనే జవాబు పెట్టుకుంటూ పోయాం. అతను దూరంగా పోవచ్చు కదా? పోతాడు, తలకోన అడవిలోకి, ఆ రాత్రే అవ్వ మంచం పడుతుంది. ఆమె కూడా వాంపైర్ అయిపోవచ్చు కదా? అడుగుతుంది, అయినా వకుళ తమ్ముడి వంతు రాక మానదని అతనే చెబుతాడు. అవ్వ ఎలాగూ పెద్దది కదా? ఈ మాటను అవ్వ నోటే చెప్పించాను, "నా కాలం అయిపోయిందిలేమ్మే, నువ్వు బాగుండు" అని. ఆ మాట వకుళకు దారి చూపించకూడదు, గొంతు పట్టుకోవాలి.

ముగ్గు

గతిలేని కథను డైలీలో నెలల తరబడి సాగదీయడమెలా? ఛానల్ అడిగిన న్యాయమైన ప్రశ్న ఇది. ముగింపు ముందే తెలిస్తే జనం ఎందుకు చూస్తారని వాళ్ల భయం. నా అనుభవంలో ముగింపు తెలిస్తేనే చిన్న చిన్న సంతోషాలకు బరువు వస్తుంది. కొలువులో బొమ్మలు సర్దుతూ ఇద్దరూ నవ్వుకునే సీను మామూలుగా ఫిల్లర్. ఎన్నాళ్లో ఉండదని తెలిస్తే అదే ఎపిసోడ్‌కి గుండెకాయ. అయితే ఆ ఎన్నాళ్లో అన్నది కంటికి కనపడాలి.

అందుకు అవ్వ ముగ్గును వాడాం. ఎపిసోడ్ మొదట్లో, మాట లేకుండా, కొన్ని సెకన్లు మాత్రమే. దసరాకు 21 చుక్కల ముగ్గు, వాకిలి నిండుగా. అవ్వ వంగి, చుక్కలు తప్పకుండా, మధ్యలో ఎక్కడా చెయ్యెత్తకుండా గీత కలుపుతుంది. తర్వాత 15 చుక్కలు. ఇంకొన్నాళ్లకు 11, ఒక వైపు గీత వణికి ఉంటుంది. సంక్రాంతికి వాడంతా రథం ముగ్గులు వేస్తుంటే ఈ వాకిట్లో 7 చుక్కలు. ఒక రోజు చుక్కలు పెట్టి ఉంటాయి, గీత కలపలేదు. ఆ తర్వాతి రోజు వకుళ వేస్తుంది. డైలాగ్‌లో దీన్ని ఎవరూ ప్రస్తావించకూడదని స్క్రిప్టులో రాసిపెట్టాను. ప్రేక్షకులే పట్టుకున్నారు. ముగ్గు చిన్నదైందని మా వీధిలో ఆడవాళ్లు మాట్లాడుకోవడం విన్నప్పుడు నాకు నమ్మకం కుదిరింది.

అతను నిజంగా చంపాలి

ఇది కష్టమైన చర్చ. హీరో కాబట్టి మేక రక్తం తాగిద్దాం, బ్లడ్ బ్యాంక్ నుంచి తెప్పిద్దాం అని ప్రతి మీటింగ్‌లోనూ వచ్చేది. నేను ఒప్పుకోలేదు. ఎవరినీ చంపని వాంపైర్ ఒట్టి జబ్బు మనిషి. అతన్ని ప్రేమించడంలో వకుళకు ఏ బాధ్యతా ఉండదు. కాబట్టి చచ్చేవాడికి మొహం ఉండాలని పట్టుబట్టాను. లీలామహల్ సెంటర్‌లో ఆటో తోలే మనిషి, వకుళను కాలేజీ రోజుల నుంచి "ఏమ్మే, చిల్లర రేపియ్యిలే" అని దింపుతూ వచ్చినవాడు. అతని భార్య పూలు కడుతుంది. అతను చనిపోయే సీను తెర మీద చూపించలేదు. మరునాడు పూలు కడుతూ కూర్చున్న ఆమె దగ్గర వకుళ మూర పూలు కొనుక్కుని, డబ్బులిచ్చి, వెనక్కి వచ్చి ఆ పూలు తల్లో పెట్టుకోలేకపోతుంది. ఆ సాయంత్రమే సింగరాయ ఆమెకు నిజం చెబుతాడు, దాచడు.

తిరుపతిలో ఇంత జరుగుతుంటే స్వామి దగ్గరికి ఎందుకు పోరు అని కూడా అడిగారు. మన అతీంద్రియ సీరియళ్లలో విభూతో తీర్థమో చల్లితే అన్నీ సర్దుకుంటాయి. కొండ మీద సీను వద్దని నేను మొదటే చెప్పాను. గుడిని పరిహారంగా వాడితే భక్తికీ కథకూ రెండింటికీ చెడు. అయితే ప్రశ్నను దాటేయకూడదు కాబట్టి అవ్వ చేత పసుపు గుడ్డలో ముడుపు కట్టించాం. ఆమె మొక్కుకున్నది తన ప్రాణం కోసం కాదు. "ఆ బిడ్డకు విడుదల ఇయ్యి స్వామీ" అంటుంది, సింగరాయ గురించి. మొక్కు తీరింది. ఎలా తీరిందో చివర్లో తెలుస్తుంది.

చంపే వారం

క్లైమాక్స్‌కు ముందు ఛానల్ నోట్ ఒకటే: అతన్ని కొన్ని ఎపిసోడ్లు రాక్షసుడిగా చూపించండి, అప్పుడు హీరోయిన్ చంపినా జనం ఒప్పుకుంటారు. ఇక్కడ నేను బఫీ ద వాంపైర్ స్లేయర్ అనే అమెరికన్ సీరియల్ రెండో సీజన్ గురించి వివరంగా మాట్లాడాను, ఎందుకంటే ఈ పని అందులో జరిగింది, అయితే ఛానల్ అనుకున్నట్టు కాదు. 1998లో వచ్చిన ఆ కథలో ఏంజెల్ అనే వాంపైర్‌కు ఒక శాపం ఉంది. పరిపూర్ణమైన సంతోషం ఒక్క క్షణం కలిగినా ఆత్మ పోతుంది. వాంపైర్లను వేటాడే బఫీ ప్రేమలో ఆ సంతోషం దొరుకుతుంది, మంచివాడు క్రూరుడవుతాడు. సీజన్ చివర్లో ఆమె కత్తి ఎత్తిన సమయానికి అతనికి ఆత్మ తిరిగి వచ్చేస్తుంది. ఏం జరిగిందో తెలియక ఆమెను దగ్గరికి తీసుకుంటాడు. లోకాన్ని కాపాడాలంటే అప్పటికీ పొడవక తప్పదు, పొడుస్తుంది. ఆ ఆత్మ రాకపోయి ఉంటే అది విజయం అయ్యేది, అంతే. అన్ని ఎపిసోడ్ల క్రూరత్వం తర్వాత రచయితలు కావాలనే అతన్ని నిర్దోషిగా ఆమె చేతుల్లో పెట్టారు. సింగరాయకు శాపం లేదు, అతనికి రాక్షసుడిగా మారే అవసరమూ లేదు. అతను చివరి నిమిషం దాకా తానే అయి ఉండాలి.

కొయ్య దగ్గర మా ఊరు సాయం చేసింది. తిరుపతి మరపాచి బొమ్మలు ఎర్రచందనంతో చేస్తారు, ఆలూమగల జంటగా. పెళ్లిళ్లలో ఇస్తారు, కొలువులో పెడతారు. వకుళ పెళ్లి కోసమని వాళ్ల నాయన చెక్కి దాచిన జంట ఒకటి మొదటి నుంచీ ఆ గదిలో ఉంది, మేం దాన్ని దసరా ఎపిసోడ్లలోనే చూపించాం. వకుళ మగబొమ్మను ఒడిలో పెట్టుకుని పాదాల వైపు నుంచి మొనదేలేలా చెక్కడం మొదలుపెడుతుంది. ఉలి ఎలా పట్టాలో, పొట్టు ఎటు రాలుతుందో నటికి మాధవమాల పనివాళ్లే చూపించారు. సింగరాయ ఎదురుగా కూర్చుని చూస్తుంటాడు. "ఆ మూల ఇంకొంచెం సన్నం చెయ్యి" అంటాడు. ఆ లైను సెట్ మీద పుట్టింది, నటుడు తనంతట తాను అన్నాడు. ఉంచేశాం.

ముహూర్తం గంగమ్మ జాతర. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకు జరిగే జాతరలో వేషాలు మారుతూ పోతాయి. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ రోజుకో రూపం కట్టిందని, దొర వేషంలో వచ్చి వాణ్ణి చంపిందని ఇక్కడ కథ. ఈ పోలిక దగ్గర జాగ్రత్తగా ఉన్నాను. సింగరాయ పాలెగాడు కాడు. నాకు కావలసింది ఆ తర్వాతి వేషం. చంపిన మరునాడు అమ్మ మాతంగి వేషంలో పాలెగాడి భార్యను ఓదార్చడానికి వస్తుందని చెబుతారు. చంపిన చెయ్యే ఓదార్చడానికీ రావాలి. చిన్నప్పటి నుంచి చూస్తున్న ఈ ఆచారంలో అంత పెద్ద కథాసూత్రం ఉందని ఈ ట్రాక్ రాసేటప్పుడే నాకు పట్టుబడింది.

అందుకే చావు సీనును పొట్టిగా రాశాం. సింగరాయకు చివరి డైలాగ్ లేదు. వకుళకు ఒక్కటే, "పోయిరా". మన ఇళ్లలో ఎవరినైనా పంపేటప్పుడు అనే మాటే. అసలు ఎపిసోడ్ మరునాటిది. వకుళ ఆటో డ్రైవర్ ఇంటికి వెళ్లి, పూలు కడుతున్న ఆమె పక్కన కూర్చుంటుంది. నీ మొగుణ్ణి చంపింది ఎవరో నాకు తెలుసు, నేను ప్రేమించినవాడే, నిన్న పంపించేశాను అని చెబుతుంది. ఆమె కొట్టదు, తిట్టదు. చాలాసేపటికి "అన్నం తిన్న్యావా మే?" అని అడుగుతుంది. ఈ సీను ఎక్కువైపోతుందేమోనని ఎడిటర్ భయపడ్డాడు. ఒక్క కట్ కూడా వద్దని కూర్చుని చూసుకున్నాను. ట్రాక్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సీను ఇది.

తర్వాత

అతను పోయిన వారానికే హీరోని వెనక్కి తెమ్మన్నారు. ఇది మన ఛానళ్లకే ఉన్న అలవాటు కాదు. అమెరికాలో 1966లో మొదలైన డార్క్ షాడోస్ అనే పగటి సీరియల్‌లోకి 1967లో బార్నబస్ కాలిన్స్ అనే వాంపైర్‌ను కొన్నాళ్లకే అనుకుని తెచ్చారు. జనం ఇష్టపడటంతో ఏళ్ల తరబడి ఉంచుకున్నారు, సీరియల్ 1971లో ముగిసింది. ఏంజెల్ కూడా మూడో సీజన్‌లోనే తిరిగొచ్చాడు, 1999లో అతనికి వేరే సిరీస్ మొదలైంది. జనం కోరికను నేను తక్కువ చేయను. కానీ మా దగ్గర వినపడింది పునర్జన్మ ట్రాక్. అతను మళ్లీ పుట్టి బొమ్మల అంగడికి వస్తే వకుళ ఉలి పట్టిన రోజుకు విలువ ఉండదు, ఆటో డ్రైవర్ భార్య అడిగిన మాటకూ ఉండదు.

హీరో కాల్షీట్లు ఇంకా మిగిలి ఉన్నాయి, నిర్మాతకు అది నిజమైన సమస్య. దానికి 1646 ఫ్లాష్‌బ్యాక్ ఇచ్చాను. కోట చేతులు మారే రోజులు, మనిషిగా ఉన్న సింగరాయ, కాటు పడిన రాత్రి. అతను మొదటిసారి ఎండలో నడుస్తాడు కాబట్టి ఆ ఎపిసోడ్లన్నీ అవుట్‌డోర్‌లో, పగలే తీయాలని రాసిచ్చాను. వకుళ నటి ఆ కాలంలో ఇంకో పాత్రగా కనపడకూడదన్నది నా షరతు, గత జన్మ ప్రేయసి అని పెడితే దొడ్డిదారిన పునర్జన్మ వచ్చేస్తుంది. దీనికి ఛానల్ ఒప్పుకుంది. ప్రోమోలో మాత్రం వకుళ షాట్ ఒకటి వేసుకుంటామన్నారు, సరేనన్నాను.